అవతలివాళ్ళ మాట ముందు

ఈ నాలుగు మాటలు నేను ఎప్పుడో రాసి ఉండాల్సింది. రాయలేకపోవడానికి మొదటి కారణం తేలిక. యాభై దాటేవరకు నాకు అక్షరం రాదు. రెండో కారణం అంత తేలిక కాదు. సలీమాబీ గారి గురించి రాయాలంటే ఆవిడ మతం గురించి రాయాలి. ఆవిడ అహ్మదీ. నేను కాదు. ఆవిడ నమ్మినదాన్ని తక్కువ చేయకుండా, నేను నమ్మేదాన్ని దాచకుండా రాయడం నా చేతనవుతుందా అన్న అనుమానంతో ఇన్నాళ్ళూ కలం పట్టడం, దింపడం, మళ్ళీ పట్టడం. మొన్న మా కోడలు పాపకు జలుబు చేసిందని హోమియో మందు తెచ్చింది. ఆ చిన్న సీసా మూత తీయగానే స్పిరిటు ఘాటూ, పంచదార తీపీ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. దానితో నందిగామలో చందర్లపాడు రోడ్డు మీది ఆ ఇరుకు గది, అద్దాల బీరువా, దాని ముందు తెల్ల చున్నీ చెవుల వెనక్కి దోపుకుని కూర్చున్న సలీమాబీ గారు, అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. పాపకు మందు వేసి, ఇక ఆగకూడదని కూర్చున్నాను.

నేను పుట్టింది జగ్గయ్యపేటలో. మేం నూర్‌బాషాలం, దూదేకులవాళ్ళమని అంటారు. దూది ఏకడం, పరుపులు కుట్టడం మా తాతల నాటి నుంచీ మా పని. ముస్లింలమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. మగవాళ్ళు మసీదుకు వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళం నమాజు మాటలు విన్నంత నేర్చుకున్నాం, అర్థం ఎవరినీ అడగలేదు. పెళ్ళయ్యాక నందిగామ వచ్చినా అదే పని. మా ముందు గదిలో దూది బేళ్ళు, వెనక గదిలో కాపురం. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీల్చి మా ఆయనకూ నాకూ ఒకటే దగ్గు. ఒకరు ఆపితే ఇంకొకరం అందుకునేవాళ్ళం. ఖమ్మం వైపు నుంచి ఒక హోమియో డాక్టరమ్మ వచ్చిందని, తక్కువకే చూస్తుందని తెలిసి వెళ్ళాను. అప్పటికే ఆవిడకు అరవై ఉంటాయి. భర్త పోయారు, పిల్లలు లేరు. వెంకట్రామయ్య గారనే మిరప రైతు రోడ్డు మీద కట్టించిన గదుల్లో ఒకటి అద్దెకు తీసుకుని, ముందు వైద్యం, తెర వెనక వంటా పడకా పెట్టుకున్నారు.

మూడు పొట్లాలిచ్చి పొద్దుటిది, మధ్యాహ్నానిది, రాత్రిది అని చెప్పి పంపారు. వారం తిరిగేసరికి దగ్గు తగ్గకపోగా పెరిగింది. మళ్ళీ వెళ్తే పొట్లాలు చూసి ఆవిడ మొహం అదోలా పెట్టారు.

“ఏందమ్మా, రాత్రిది పొద్దున, పొద్దుటిది రాత్రి వేసుకున్నవా?”

“చదువు రాదండి. రంగు చూసి గుర్తుపెట్టుకున్నా.”

“మూడూ తెల్లకాయితాలే గదా. రంగు యాడ చూసినవ్?”

“అదేనండి, నాకూ అంతుబట్టట్లా.”

ఆవిడ నవ్వు మొదలుపెడితే ఆపలేకపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత కలం తీసుకుని ఒక పొట్లం మీద ఉ, ఒకదాని మీద మ, ఇంకోదాని మీద రా అని రాశారు. “ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. ఈ మూడూ ఇంటికి పోయి నేల మీద దిద్దు. మందు పనిచేసినా చేయకపోయినా ఇది పనిచేస్తది” అన్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా దూది ముట్టుకోవద్దని, ఆయాసం ఎక్కువైతే తన మందు నమ్ముకుని కూర్చోకుండా పెద్దాసుపత్రికి పోవాలని కూడా ఆవిడే చెప్పారు. అందరూ అ, ఆ లతో మొదలుపెడతారు. నా చదువు మాత్రం ఉ తో మొదలైంది. ఇంట్లో నేల మీద దిద్దుతుంటే మా ఆయన తొంగిచూసి, “కలెక్టరువి అవుతావా ఏంటే? అయ్యాక నా పరుపుల బిల్లు పాసు చెయ్యి” అన్నాడు.

మధ్యాహ్నం రోగులుండని వేళ ఆవిడ గదిలో చాప పరిచేవారు. చాలామంది ఆడవాళ్ళు వచ్చారు, పోయారు. విడవకుండా వచ్చింది నేనూ, మరియకుమారీ. మరియకుమారి పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్ళే మనిషి. చర్చిలో పాటలు గట్టిగా పాడేది. పాటల పుస్తకం చూసి పాడాలన్నదే ఆమె కోరిక. నోటికి ఏది వస్తే అది అనేస్తుంది. మనసులో ఏదీ ఉంచుకోదు. రంజాను వెళ్ళిన మర్నాడు ఆ మనిషే అడిగింది.

“డాక్టరమ్మ గారూ, నిన్న మీరు సేమియా చేసి ఇళ్ళకి పంపిస్తే మీ వాళ్ళు కొందరు తిప్పి పంపేశారంటగా? పండగ పూట అదేం పద్ధతండీ?”

నేను నోరు తెరిచాను. “నేను తినేశానే!”

“తిన్నవ్ గాబట్టే ఇట్ల బలంగ ఉన్నవ్,” అని నవ్వారు సలీమాబీ గారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చున్నీ సర్దుకుని చెప్పారు. తెల్లదొరలు ఏలుతున్న రోజుల్లో, పంజాబులో ఖాదియాన్ అనే పల్లెలో ఒకాయన ఉండేవారట. కడపటి కాలంలో వస్తాడని ముస్లింలు ఎదురుచూసే మహదీ తానేనని, తిరిగి వస్తాడన్న ఈసా పోలికతో వచ్చినవాడు కూడా తానేనని ఆయన ప్రకటించారట. నమ్మినవాళ్ళు అహ్మదీలయ్యారు. నమ్మనివాళ్ళు, అంటే మిగతా ముస్లింలు దాదాపు అందరూ, మహమ్మద్ ప్రవక్త గారి తర్వాత ఇంకో ప్రవక్త లేడు కాబట్టి వీళ్ళు ముస్లింలే కాదన్నారు. అందుకే మసీదులో కలవనివ్వరు, పెళ్ళిళ్ళు కలుపుకోరు, కొన్నిచోట్ల ఖననానికి చోటు కూడా ఇవ్వరు. ఖాదియానీలని పిలుస్తారు. వీళ్ళకు ఆ పిలుపు తిట్టులా తగులుతుంది. “మేము మమ్మల్ని ముస్లింలమే అనుకుంటం. అదే కల్మా, అదే నమాజు. ఒక్క మాట మాత్రం మా పెద్దాయన గట్టిగ చెప్పిండు. ఈ కాలంలో మతం కోసం పోరాడాల్నంటే కత్తితో కాదు, కలంతో అని. అందుకే మా ఇండ్లల్ల ఆడపిల్లకు కూడ కలం పట్టిచ్చేటోళ్ళు” అన్నారు.

మరియకుమారి ఊరుకోలేదు. “ఈసా అంటే మా యేసుప్రభువే కదండీ? ఆయన గురించి మీరేం అంటారు?”

ఆవిడ దాటవేయవచ్చు. దాటవేయలేదు. ఆయనను సిలువ వేశారని, కానీ ప్రాణం పోకముందే దింపారని, గాయాలు మానాక తూర్పు దేశాలకు నడిచివచ్చి ముసలితనంలో కాలం చేశారని, సమాధి కాశ్మీరులో ఉందని తాము నమ్ముతామని చెప్పారు. మరియకుమారి మొహం మాడిపోయింది. “సిలువ మీద చనిపోకపోతే మా పాపాలు ఎవరు మోశారండీ?” అంది. పలక చాప మీద పెట్టేసి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

ఆదివారం సలీమాబీ గారు నన్ను తోడు రమ్మన్నారు. మరియకుమారి వాళ్ళుండే పేటకు వెళ్ళి, ఆమె ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, “నేను నిన్ను నా మాట ఒప్పించనీకి రాలే. నీ మాట నాకెంత తెలిసిందో అప్పజెప్తా. తప్పుంటే దిద్దు” అన్నారు. చెప్పడం మొదలుపెట్టారు. మనిషి చేసిన పాపానికి మనిషి తానై చెల్లించలేడని, అందుకని దేవుడు తన కుమారుణ్ణే పంపాడని, ఆయన నిజంగా బాధపడి, నిజంగా చనిపోయి, మూడో రోజున లేచాడని, ఆ చావు లేకపోతే క్షమాపణ లేదని, ఆ లేవడం లేకపోతే ఆశ లేదని, ఎక్కడా వెటకారం లేకుండా, గుడిలో మాట్లాడినంత మెల్లగా చెప్పారు. మరియకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అచ్చం మా పాస్టరు గారు చెప్పినట్టే ఉందండి. ఇంత బాగా తెలిసినవాళ్ళు నమ్మొచ్చుగా?”

“నమ్మను.”

“నమ్మరా?”

“నమ్మనే. గట్లని తెల్వకుండ కాదనొద్దు గదా.”

మరియకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు మధ్యాహ్నం మాకంటే ముందు వచ్చి చాప పరిచింది. సిలువ గురించి వాళ్ళిద్దరూ ఆ తర్వాత కూడా ఏనాడూ ఒప్పుకోలేదు. అన్నం మాత్రం కలిసే తిన్నారు.

తిరిగి వస్తూ దారిలో నేను అడిగాను, ఎందుకండీ ఇంత శ్రమ అని. వాళ్ళ నాన్న మాట చెప్పారు. ఆయన అహ్మదీ అయినప్పుడు అన్నదమ్ములు గుమ్మం ఎక్కనివ్వలేదట. అది ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఇంకోటి ఉంది. “మేము చెప్పనిది చెప్పినమని, నమ్మనిది నమ్మినమని తిట్టేటోళ్ళు. మా మాట మాకే గుర్తు రానంత వంకరగ చెప్పేటోళ్ళు. మా నాయన అనేటోడు, బిడ్డా, ఆ బాధ తెలిసినోళ్ళం, ఇంకొకరికి చేయొద్దు. అవతలోళ్ళ మాట ముందుగాల చెప్పు, వాళ్ళు అవునన్నంక నీ మాట చెప్పు అని.” ఆ రోజు నుంచి చాప మీద మాకు అది కూడా పాఠమైంది. కూరలో ఉప్పు గురించి తగువొచ్చినా సరే, ముందు ఎదుటిదాని వాదం మనం చెప్పాలి. మొదట్లో నవ్వులాట. పోనుపోను చెప్పలేనంత కష్టం. ఎదుటి మనిషి మాటను సరిగ్గా చెప్పాలంటే మన కోపాన్ని కాసేపు గుమ్మం బయట చెప్పుల పక్కన వదలాలి.

ఆ సుఖం ఎక్కువ కాలం సాగలేదు. ఆవిడ అహ్మదీ అని కొన్ని ఇళ్ళకు ముందే తెలిసినా, ఆ మాట మసీదు దాకా పోలేదు. మా వీధిలో పెళ్ళికి విజయవాడ నుంచి వచ్చిన చుట్టమొకాయన తలనొప్పి మందు కోసం ఆవిడ గదికి వెళ్ళి, గోడ మీది క్యాలెండరులో తెల్లటి మినారు చూసి గుర్తుపట్టాడు. అది ఖాదియాన్‌లోని మినారు. “మీ ఆడవాళ్ళకు చదువు పేరుతో ఏం ఎక్కిస్తుందో కనుక్కున్నారా?” అని మసీదు దగ్గర అన్నాడు. ఆ మాట వీధంతా తిరిగింది. రెండు రోజులకు ఇంటి యజమాని వెంకట్రామయ్య గారు వచ్చి, “ఆదివారం మసీదు పెద్దలు వస్తారంటమ్మా. నాకు ఏ పేచీ వద్దు. వాళ్ళకి సర్దిచెప్పుకుంటే ఉండు, లేకపోతే గది ఖాళీ చెయ్యి” అన్నారు. ఖాళీ చేస్తే ఆవిడకు నందిగామలో ఇంకో గది దొరకదని మా అందరికీ తెలుసు. మా చదువు కూడా అక్కడితో సరి.

మసీదు పెద్ద ఖాసిం మావయ్య. మా ఆయనకు స్వయానా మేనమామ. నాలుగు మాటలు మాట్లాడితే మూడు న్యాయంగా ఉంటాయని పేరు. ఆదివారం పొద్దు వాలే వేళ అసర్ నమాజు కాగానే ఆయనా, ఓ పదిమందీ వచ్చి గది ముందు రేకుల పంచ కింద నిలబడ్డారు. సలీమాబీ గారు గుమ్మంలో నిలబడ్డారు. ఖాసిం మావయ్య ఆవిడను అడగలేదు. నన్ను పిలిచారు.

“మస్తాన్‌బీ, నువ్వు మా ఇంటి కోడలివి. ఇక్కడ నీకేం నేర్పారో నువ్వే చెప్పు. దాచకు.”

అంతమంది మగవాళ్ళ ముందు నేను నోరు విప్పడం అదే మొదలు. నేను తడబడితే ఆవిడ సామాను రోడ్డు మీద ఉంటుంది. అ, ఆ లు నేర్పారండి అని ఊరుకోవచ్చు. అది సగం అబద్ధం. చెంగు భుజం చుట్టూ బిగించుకుని అన్నాను.

“మావయ్యా, ముందు మీ మాట చెప్తా. తప్పుంటే ఆపండి. మన ప్రవక్త గారు చివరి ప్రవక్త. ఆయనతో ఆ వరస ముగిసింది. చిన్నవాడనీ, నీడలాంటివాడనీ, ఏ పేరుతోనూ ఇంకో ప్రవక్త రాడు. వచ్చానన్నవాణ్ణి ఒప్పుకుంటే మన దీను, మన మతం పునాదే కదులుతుంది. ఈసా గారిని అల్లా సిలువ ఎక్కనివ్వకుండానే, బతికుండగానే పైకి తీసుకున్నాడు. కడపటి రోజుల్లో ఆయనే దిగి వస్తాడు. అందుకని వీళ్ళను మనవాళ్ళు అనడానికి మీకు మనసొప్పదు. అది పంతం కాదు, ప్రవక్త గారి మీద ప్రేమ. ఇదేనా మావయ్యా?”

ఆయన గడ్డం మీద చెయ్యి వేసుకుని నన్నే చూశారు. “ఇదే” అన్నారు.

వెనక నుంచి ఎవరో, “అబ్బో! మస్తాన్‌బీ మౌల్వీ అయిపోయిందిరోయ్!” అన్నారు. నవ్వులు. ఖాసిం మావయ్య వెనక్కి తిరిగి, “అయితే అయింది. ఏదీ, నువ్వు చెప్పు అలా, వింటా” అనేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి.

“ఇప్పుడు ఆవిడ మాట. ప్రవక్త గారిని మించినవాడు లేడని, కొత్త గ్రంథం, కొత్త చట్టం రావని వీళ్ళూ అంటారు. కాకపోతే ఆయన వెలుగుతోనే, ఆయనకు లోబడే ఒకరు రావచ్చని, ఖాదియాన్‌లో వచ్చారని నమ్ముతారు. ఈసా గారు అందరిలాగే కాలం చేశారు కాబట్టి, తిరిగి వస్తాడన్న మాట ఆయన పోలికతో వచ్చే ఇంకొకరి గురించి అంటారు. ఇదేనాండీ?” అని గుమ్మం వైపు చూశాను.

“ఇదే బిడ్డా” అన్నారు సలీమాబీ గారు.

“నేను మీ పక్కనే ఉన్నా మావయ్యా. నా నమ్మకం మారలా. ఎందుకు నమ్ముతున్నావని ఇదివరకు ఎవరైనా అడిగితే నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. అది ఇక్కడే తెలిసింది.”

ఖాసిం మావయ్య ఆవిడ వైపు తిరిగారు. “ఇక మీదట మతం మాట ఎత్తనని చెప్పమ్మా. మేం వెళ్ళిపోతాం.”

ఒక్క ‘సరే’ అంటే చాలు, గది దక్కుతుంది. నేను ఆవిడ వైపు చూసి కళ్ళతోనే బతిమాలాను.

“నేనై ఎప్పుడూ ఎత్తలేదండి, ఎత్తను. అడిగితే మాత్రం దాయను. నేనెవరో దాచిపెట్టి మందిస్తే మీరు మింగుతరా?”

ఖాసిం మావయ్య తన మాట చెప్పారు. “వాళ్ళ వెనక నమాజుకు నిలబడను. సంబంధం కలుపుకోను. మావాళ్ళని ఒప్పుకోను. ఇది మారదు. కానీ ఈమెను వెళ్ళగొట్టమని నా నోటితో నేను అనను.” ఆ మాట అనడానికి ఆయన ఎంత దూరం నడిచి రావలసి వచ్చిందో అక్కడున్నవాళ్ళకే తెలుసు. ఆయన మీద నాకు గౌరవం ఆ రోజే పెరిగింది.

వెంకట్రామయ్య గారికి మాత్రం ధైర్యం చాల్లేదు. “ఇవాళ మీరు సర్దుకుంటారు, రేపు ఇంకెవరో వస్తారు. నాకెందుకండీ ఈ తలనొప్పి? నెలాఖరుకి గది ఇచ్చెయ్యమ్మా” అని వెళ్ళిపోయారు. సలీమాబీ గారు సరేనని లోపలికి వెళ్ళి, బీరువా తలుపు తీసి, ఒక్కో సీసాను పాత పేపర్లో చుట్టడం మొదలుపెట్టారు. “మంచిగ చెప్పినవ్” అని మాత్రం అన్నారు.

ఆవిడ ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు నందిగామలోనే ఉన్నారు. మంచాన పడ్డాక వాళ్ళవాళ్ళు వచ్చి ఖమ్మం వైపు తీసుకుపోయారు. అక్కడే పోయారు. మరియకుమారీ నేనూ వెళ్ళాం. ఆడవాళ్ళ మధ్య ఒక మూలగా నిలబడి మరియకుమారి తన ప్రార్థన తాను చేసుకుంది, నా దువా నేను చేసుకున్నాను. అక్కడున్నవాళ్ళెవరూ మమ్మల్ని కాదనలేదు. నేను ఇప్పటికీ మా మసీదు దానినే. ఖాదియాన్ ఆయన గురించి నా అభిప్రాయం ఖాసిం మావయ్య అభిప్రాయమే. కానీ నన్ను మనిషిగా నిలబెట్టింది ఎవరని అడిగితే నేను చెప్పే పేరు ఒక అహ్మదీ ఆడమనిషిది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించను. మా కొడుకూ కోడలూ పోట్లాడుకున్నప్పుడు ముందు ఒకరి మాట ఇంకొకరిని చెప్పమంటాను. కోడలు విసుక్కుంటుంది, “అత్తయ్యా, మీ కోర్టు మళ్ళీ పెట్టారా?” అని. విసుక్కుంటూనే చెప్తుంది. మధ్యలో ఎక్కడో గొంతు మెత్తబడుతుంది.

మళ్ళీ వెనక్కి వెళ్తే, మసీదు పెద్దలు వచ్చిన ఆ ఆదివారం సాయంత్రం నేను ఇంటికి వచ్చి మా ఆయనతో, ముందు గది ఆవిడకు ఇద్దామన్నాను. దూది వెనక్కి సర్దితే మనకు కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటుండదన్నాడు. తెలుసన్నాను. ఊళ్ళో మాట వస్తుందన్నాడు. అదీ తెలుసన్నాను. కాసేపు దగ్గి, “సరే, మందుకి అంత దూరం పోయే పని తప్పుతుంది” అన్నాడు.

మర్నాడు తెల్లారగానే మరియకుమారిని పిలుచుకొచ్చాను. ఇద్దరం ముక్కులకు గుడ్డలు కట్టుకుని బేళ్ళన్నీ పెరట్లో చూరు కిందికి దొర్లించాం. మూలమూలలా దుమ్ము దులిపి, నేల కడిగాం. వీధి గోడకు సున్నం వేసి, ఆరేదాకా ఆగలేక విసనకర్రతో విసిరాం. తర్వాత నేను స్టూలెక్కి నీలం రంగులో కుంచె ముంచి, “డాక్టరమ్మ సలీమాబీ గారు. హోమియో మందులు. మధ్యాహ్నం ఆడవాళ్ళకు చదువు” అని రాశాను. వరస కొంచెం కిందికి వాలింది. దిగి, రోడ్డు దాటి అవతల నిలబడి, వచ్చేపోయేవాళ్ళకు వినబడేట్టు పైకి చదివాను.